కొత్త సరుకు పుట్టుకలో తయారీదారులు, సరఫరాదారులు

ఒక వస్తువు ఇంకా కాగితం మీద గీతగా ఉన్నప్పుడే, దానికి కావలసిన ముడిసరుకో విడిభాగమో పనిముట్టో ఇచ్చేవాళ్లను తయారీదారు పిలిచి కూర్చోబెట్టుకుని, ఇద్దరూ కలిసి దాని రూపం, కొలతలు, ధర, తయారుచేసే తీరు తేల్చుకోవడాన్ని ఉమ్మడి ఉత్పత్తి రూపకల్పన అంటారు. డ్రాయింగ్ చేతికిచ్చి, రేటు అడిగి, ఇన్ని ముక్కలు ఇన్ని రోజుల్లో కావాలనడం దీని కిందికి రాదు. అది జాబ్ వర్కు. సరఫరాదారును ఎప్పుడు పిలిచామన్నదే ఈ రెండింటికీ తేడా. కొలతలన్నీ ఖాయం చేసుకున్నాక పిలిస్తే అతను చెప్పగలిగేది రేటు ఒక్కటే. ముందే పిలిస్తే, ‘ఈ మందం రేకు బజారులో దొరకదు, పక్క మందం తీసుకోండి, డై ఖర్చు కూడా కలిసొస్తుంది’ అనగలడు. కొనేవాడికి తెలియనిది అతనికి తెలుసు.

మేనేజ్‌మెంట్ పుస్తకాలు దీన్ని జపాన్ కార్ల కంపెనీల కథగా మొదలుపెడతాయి. అక్కడి అనుభవం గట్టిదే, దాని దగ్గరకూ వస్తాం. అయితే ఈ పని పేరు లేకుండానే తెలుగు ఊళ్లలో చాలాకాలంగా నడుస్తోంది. హైదరాబాద్‌కు ఉత్తరాన, రాజీవ్ రహదారి మీద సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న సిద్దిపేటలో దాన్ని దగ్గరగా చూడవచ్చు.

సిద్దిపేట గొల్లభామ చీర

సిద్దిపేట నేతకు పేరు తెచ్చింది గొల్లభామ బొమ్మ. నెత్తిన కుండ పెట్టుకుని, చేతిలో ముంత పట్టుకుని నడిచే గొల్ల పడుచు బొమ్మను చీర అంచులోనో కొంగులోనో నేస్తారు. ఇది అచ్చు వేసిన బొమ్మా కాదు, కుట్టిందీ కాదు. మామూలు పేకతో (అడ్డం పోగుతో) పాటు రంగు పోగులను బొమ్మ ఉన్న చోట మాత్రమే అదనంగా ఇమిడ్చి, బట్ట పెరుగుతున్న కొద్దీ బొమ్మనూ పెంచుకుంటూ పోతారు. ఈ చీరకు జీఐ అనే భౌగోళిక గుర్తింపు ఉంది. నేత ఎక్కువగా పద్మశాలీల చేతిలో ఉంది. జిల్లాలోని దుబ్బాక కూడా మగ్గాలకు పేరుపడ్డ చోటే.

చూడటానికి ఇది ఒక నేతగాడు, ఒక మగ్గం. వెనక మాత్రం నూలు అమ్మేవాళ్లు, రంగు అద్దేవాళ్లు, పడుగు (నిలువు) పోగులను సమంగా ఎడం చేసి పట్టుకునే పన్నెను కట్టేవాళ్లు, మగ్గం బాగుచేసే వడ్రంగి, గ్రాఫు కాగితం మీద బొమ్మను గళ్లుగా మార్చేవాళ్లు వరసగా ఉంటారు. పాత బొమ్మనే మళ్లీ నేస్తున్నంతకాలం వీళ్లెవరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన పని లేదు. నూలు వస్తుంది, చీర వెళుతుంది. బొమ్మ మారితేనే, లేదా పాత బొమ్మ కొత్త బట్ట మీదికి ఎక్కితేనే, అందరూ కదలాలి.

ఎందుకో ఒక చిన్న లెక్కతో చెప్పుకోవచ్చు. గ్రాఫులో గొల్లభామ 60 గళ్ల వెడల్పు, 90 గళ్ల ఎత్తు ఉందనుకుందాం. ఒక్కో గడి ఒక పడుగు పోగు, ఒక పేక పోగు కలిసే చోటు. బట్టలో అంగుళానికి 60 పడుగు పోగులు, 60 పేక పోగులు పడితే బొమ్మ అంగుళం వెడల్పు, అంగుళమున్నర ఎత్తు తేలుతుంది. ఇప్పుడు నూలు వ్యాపారి అదే ధరకు ఇంకాస్త సన్నటి పేక నూలు తెచ్చాడు. అంగుళానికి 72 పోగులు పడుతున్నాయి. గ్రాఫు అదే, చేయి అదే. 90ని 72తో భాగిస్తే అంగుళంపావు, గొల్లభామ పొట్టిదైపోయింది. మందం నూలు వచ్చి 48 పోగులే పడితే అంగుళం ముప్పాతిక దాటి బక్కపలచగా సాగిపోతుంది. నూలు మేలురకమైతే చీరా మేలురకమవుతుందని బయటివాళ్లు అనుకుంటారు. సన్న నూలు బొమ్మను పాడుచేయగలదన్నది మగ్గం ముందు కూర్చున్నవాళ్లకు తెలిసిన సంగతి.

కనుక కొత్త చీర అనుకున్నప్పుడు గ్రాఫు వేసేవాళ్లు నూలు నంబరు అడగకుండా పెన్సిలు పట్టకూడదు. నంబరు పెరిగిన కొద్దీ నూలు సన్నబడుతుంది; 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఒక పౌనుకు ఎన్ని తూగితే అంత నంబరు. ఆ నంబరుకు ఏ పన్నె కావాలో పన్నె కట్టేవాళ్లు చెప్పాలి. రంగు సంగతి మరీ ముఖ్యం. తెల్లటి నేల మీద ఎర్ర లంగా గొల్లభామను నేశాక మొదటి ఉతుకులోనే ఎరుపు కారిందంటే చీర మొత్తం పోయినట్టే. మామూలు అంచు చీరకు సరిపోయే అద్దకం లేత రంగు నేల మీది బొమ్మకు సరిపోకపోవచ్చు. ఆ సంగతి అద్దేవాళ్లు ముందు చెబితే రంగు మారుతుంది, తరవాత చెబితే తగాదా అవుతుంది.

ఈ మాటలు మీటింగు గదుల్లో జరగవు. కొత్త నూలు చిలపను నేతగాడు రెండు చేతులతో పట్టి గుంజి చూస్తాడు, ఒక పోగును వేళ్ల మధ్య పురి విప్పి చూస్తాడు. ‘ఇది ఆగేటట్టు లేదు సేటూ, ఒక్క పడుగు నేసి చూసినంకనే చెప్త’ అంటాడు. కార్ఖానాల భాషలో శాంపిల్ పరీక్ష అన్నది ఇదే. ఆ ఒక్క పడుగు నేసిన రోజుల కూలి ఎవరు భరించాలన్నది అక్కడా ఇక్కడా ఒకే చిక్కు. నూలు ఇచ్చి కూలికి నేయించుకునే ఆసామి భరిస్తే కొత్త బొమ్మలు పుడతాయి. నేతగాడి మీద పడితే అతను పాత బొమ్మనే నేస్తాడు, తప్పు పట్టలేం.

ఈ భారాన్ని కొంత మోయడానికి కొన్ని సంస్థలున్నాయి. కేంద్ర జౌళి శాఖ కింద హైదరాబాద్‌లో ఉన్న వీవర్స్ సర్వీస్ సెంటర్ డిజైన్లు, అద్దకం శిక్షణ ఇస్తుంది. 1983లో ఏర్పడిన జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ నూలు, రంగులు సరఫరా చేస్తుంది. సహకార సంఘాలు నూలు కొనుగోలు, చీర అమ్మకం రెండూ చూస్తాయి. ఎవరి పని వాళ్లు చేస్తారు గానీ, గ్రాఫు ఒక చోట, నూలు ఒక చోట, అద్దకం ఒక చోట తయారైనంతకాలం పైన చెప్పిన పొట్టి గొల్లభామ బెడద తప్పదు. పూర్వం ఈ పనివాళ్లంతా పక్కపక్క వీధుల్లో ఉన్నప్పుడు ఆ సమన్వయానికి వేరే ఏర్పాటు అవసరం ఉండేది కాదు.

చేర్యాల: కథ ఇచ్చేవాడే కొనేవాడు

2016 అక్టోబరు 11న పాత మెదక్ జిల్లా నుంచి విడివడి సిద్దిపేట జిల్లా ఏర్పడినప్పుడు, అప్పటిదాకా వరంగల్ జిల్లాలో ఉన్న చేర్యాల ఇందులో చేరింది. దాంతో చేర్యాలలో వేసే నకాషీ పటాలు కూడా ఈ జిల్లా సొత్తయ్యాయి. వీటికీ భౌగోళిక గుర్తింపు ఉంది.

పటం అంటే కథ చెప్పేవాళ్లు గుంజకు వేలాడదీసి, ఒక్కో గడిని చూపిస్తూ రాత్రంతా పాడుకుంటూ పోయే పొడవాటి గుడ్డ. పద్మశాలీలకు కూనపులివాళ్లు, గొల్లలకు మందహెచ్చులవాళ్లు, గౌడులకు గౌడజెట్టీలు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు కథకులు. ఏ కులానికి ఆ కులపురాణం. ఏ పురాణానికి ఆ పటం.

ఇక్కడ సరఫరాదారు, కొనుగోలుదారు అనే విభజన తలకిందులవుతుంది. నకాషీ చిత్రకారుడు తయారీదారు. అతనికి బట్ట, సుద్దమట్టి, చింతగింజల జిగురు, బంక, రంగులు ఇచ్చేవాళ్లు సరఫరాదారులు. పటం కొనేది కథకుడు. కానీ ఆ పటంలో ఏ ఘట్టం తరవాత ఏ ఘట్టం రావాలో, ఎవరు ఏ పక్క నిలబడాలో చెప్పేది కూడా కథకుడే. వస్తువులోని అసలు సరుకు కథ. దాన్ని ఇచ్చేవాడే చివరికి డబ్బిచ్చి కొనుక్కుపోతున్నాడు. వాడుకునేవాళ్లే కొత్త సరుకుకు మూలం కాగలరని ఎరిక్ వాన్ హిప్పెల్ అనే అమెరికన్ పరిశోధకుడు 1970, 1980లలో శాస్త్రీయ పరికరాలు వగైరాల మీద అధ్యయనం చేసి రాశాడు. కూనపులివాళ్లను అడిగితే ఇందులో వింత ఏముందంటారు.

కథకులు తగ్గిపోయాక ఆ లంకె తెగింది. పటం కొనేవాళ్లు పట్నంలో గోడకు తగిలించుకునేవాళ్లయ్యారు. వాళ్లకు కథ అక్కర్లేదు, గది గోడకు సరిపోయే కొలత కావాలి. పొడవాటి పటం ఒకటి రెండు ఘట్టాల చిన్న పటమైంది. ముఖాల బొమ్మలు, పెన్నుల డబ్బాలు, తాళంచెవి బిళ్లలు పుట్టాయి. బొమ్మలకు తేలికైన పొణికి కర్రో, రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపిన ముద్దో వాడతారు. చాలాచోట్ల మట్టిరంగుల స్థానంలో కొట్టు రంగులు వచ్చాయి. ఎర్రటి నేపథ్యం మాత్రం నిలిచింది. ఇప్పుడు కొత్త సరుకు ఆలోచన కథకుడి నుంచి కాదు, దుకాణం నుంచి వస్తోంది. దీన్ని చెడు అనడానికి లేదు, పూట గడవాలి కదా. అయితే మంచి నకాషీ పటంలో ఎనిమిదో గడి ఎందుకు ఎనిమిదోదో ఒకప్పుడు కారణం ఉండేది.

కార్ల కంపెనీలు నేర్పింది

టొయోటా తన విద్యుత్ విడిభాగాల విభాగాన్ని 1949లో డెన్సో అనే వేరే కంపెనీగా విడగొట్టింది. విడిపోయినా డెన్సో ఇంజినీర్లు టొయోటా డిజైన్ గదిలోనే కనిపించేవాళ్లు. ఇలా సరఫరాదారు జీతం మీద ఉంటూ కొనేవాడి ఆఫీసులో నెలల తరబడి పనిచేసేవాళ్లను జపాన్‌లో అతిథి ఇంజినీర్లు అంటారు. కారు ధరను ముందు ఖాయం చేసి, దాన్నుంచి లాభం తీసేసి, మిగిలినదాన్ని ఒక్కో భాగానికి పంచి, ‘హెడ్‌లైటు ఇంతలో రావాలి, ఎలా వస్తుందో మనిద్దరం చూద్దాం’ అనడం అక్కడి పద్ధతి.

కిమ్ క్లార్క్, తకహిరో ఫుజిమోటో జపాన్, అమెరికా, యూరప్ కంపెనీల 29 కార్ల ప్రాజెక్టులను పరిశీలించి 1991లో ఒక పుస్తకం వేశారు. విడిభాగాలను వాళ్లు మూడు రకాలుగా చూశారు. సరఫరాదారు తన డిజైన్‌తో ముందే తయారుచేసి పెట్టుకునేవి ఒకటి. బయటి కొలతలు, చేయాల్సిన పని, ధర మాత్రం కంపెనీ చెప్పి, లోపలి సంగతంతా సరఫరాదారుకే వదిలేసేవి రెండోది. వీటినే బ్లాక్ బాక్స్ అంటారు. ప్రతి గీతా కంపెనీయే గీసి ఇచ్చేవి మూడోది. జపాన్ కార్లలో రెండో రకం వాటా బాగా ఎక్కువని, అవి తక్కువ ఇంజినీరింగ్ గంటల్లో, తక్కువ కాలంలో తయారు కావడానికి అదొక కారణమని తేలింది.

భారతదేశంలో ఈ పద్ధతి 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800తో విస్తరించింది. దిగుమతి భాగాలను ఏటా తగ్గించుకుంటూ పోవాలి గనక, మారుతి కొన్ని విడిభాగాల కంపెనీలలో తానే వాటా పెట్టి వాటిని తయారుచేసుకుంది.

పాత మెదక్, బాలానగర్

సిద్దిపేట భాగంగా ఉన్న పాత మెదక్ జిల్లా దక్షిణపు కొసన, హైదరాబాద్‌ను ఆనుకుని, ప్రభుత్వ రంగ కర్మాగారాలు వరసగా వచ్చాయి. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, భానూరులో భారత్ డైనమిక్స్, ఎద్దుమైలారంలో 1984లో ఆయుధ కర్మాగారం. బీఎంపీ-2 అనే సోవియట్ పదాతి దళ వాహనాన్ని ‘శరత్’ పేరుతో తయారుచేసేది ఎద్దుమైలారంలోనే. ఒక్కో పెద్ద కర్మాగారం చుట్టూ చిన్న వర్క్‌షాపులు మొలిచాయి. పటాన్‌చెరు, జీడిమెట్ల, చర్లపల్లి, అన్నిటికంటే ముందుగా బాలానగర్.

బాలానగర్ బలం లేతు మిషన్లకంటే పనిముట్లు, డైలు తయారుచేయగల మనుషుల్లో ఉంది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో 1968లో అక్కడ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టారు. 1970లో ఎంటార్ అనే ప్రైవేటు కంపెనీ మొదలై అణుశక్తి, అంతరిక్ష రంగాలకు భాగాలు చేసి పెట్టింది. 1983లో ఏపీజే అబ్దుల్ కలాం నాయకత్వంలో హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్ అనే రక్షణ ప్రయోగశాల కేంద్రంగా క్షిపణుల కార్యక్రమం మొదలైనప్పుడు ఈ వర్క్‌షాపులకు కొత్త పరీక్ష ఎదురైంది. క్షిపణికి కావలసిన భాగాలు ఏటా కొన్నే. లక్షల్లో చేస్తే తప్ప డై ఖర్చు రాని పెద్ద కంపెనీలకు అది గిట్టదు. నాలుగు ముక్కలు చేసి, రెండు పాడైతే మళ్లీ చేయడానికి ఒప్పుకునే చిన్నవాళ్లు కావాలి. పాడైన రెండింటి ఖర్చు ప్రయోగశాల భరించింది గనకే వాళ్లు ఒప్పుకున్నారు. సిద్దిపేట మగ్గం దగ్గర చూసిన ‘ఒక్క పడుగు’ చిక్కుకు ఇక్కడ దొరికిన జవాబు అది.

లోహం సంగతి ఇంకా పెద్దది. 1973లో హైదరాబాద్‌లో మిశ్ర ధాతు నిగమ్, అందరూ మిధాని అనేది, ప్రత్యేక లోహాల కోసమే ఏర్పడింది. 1987లో కొన్ని దేశాలు క్షిపణి పరిజ్ఞానం మీద ఆంక్షలు పెట్టుకున్నాక, డబ్బిచ్చినా అమ్మని సరుకుల జాబితా పెరిగింది. పీఎస్ఎల్‌వీ రాకెట్ మొదటి దశ పెట్టెకు మారేజింగ్ స్టీల్ అనే గట్టి ఉక్కు కావాలి. ఆ ఉక్కును మిధాని కరిగించింది. పెట్టెలను ముంబయిలో ఎల్ అండ్ టీ, పుణె జిల్లాలో వాల్‌చంద్‌నగర్ తయారుచేశాయి. ఇక్కడ లోహం, దాన్ని వంచి వెల్డింగ్ చేసే తీరు, రాకెట్ డిజైన్ మూడూ ఒకదాని కోసం ఒకటి మారుతూ పోవాలి. వెల్డింగ్ దగ్గర పగిలే ఉక్కు ఎంత గట్టిదైతే ఏం లాభం? 1993 సెప్టెంబరు 20న పీఎస్ఎల్‌వీ మొదటిసారి ఎగిరింది. ఆ ప్రయోగం గమ్యం చేరలేదు. మరుసటి ఏడాది అక్టోబరులో రెండోది చేరింది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రాకెట్ కాదు. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడొకరు కలాం ప్రయోగశాలకు వెళ్లి, అగ్ని క్షిపణి కోసం చేసిన తేలికైన కార్బన్ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశాడు. తరవాత కలాంను ఆసుపత్రికి తీసుకెళ్లి, మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లతో కాళ్లు ఈడ్చుకుంటున్న పిల్లలను చూపించాడు. కొన్ని వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. ఇక్కడ ‘ఇలాంటి పదార్థం కావాలి’ అని ఎవరూ టెండరు వేయలేదు. వేయగలిగేవాళ్లూ కాదు, అలాంటిది ఉందనే తెలియదు. సరఫరాదారు దగ్గర ఉన్న సరుకు చూశాక కొత్త వస్తువు తోచింది.

ఆసు యంత్రం

సిద్దిపేట జిల్లాకు సరిహద్దున ఉన్న యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు ప్రాంతంలో చింతకింది మల్లేశం అనే నేతగాడి కథ ఇంకో రకం. పోచంపల్లి తరహా చీర నేయడానికి ముందు పేక పోగును మేకుల చుట్టూ అర్ధవృత్తంగా తిప్పాలి. దీన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చేయి సుమారు 9000 సార్లు అటూ ఇటూ తిరగాలి. నాలుగైదు గంటల పని. ఇంట్లో ఇది ఆడవాళ్ల పని. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక మల్లేశం 1992లో యంత్రం మొదలుపెట్టి 1999లో ముగించాడు. ‘లక్ష్మీ ఆసు యంత్రం’ ఆ పనిని గంటన్నరకు దించింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఏడేళ్లు ఎందుకు పట్టిందన్నది ఈ వ్యాసానికి పనికొచ్చే ప్రశ్న. యంత్రంలో చాలా భాగం ముందే కుదిరింది. ఒక కదలిక కుదరలేదు. పొట్ట కోసం హైదరాబాద్‌లో ఎలక్ట్రీషియన్ పని చేస్తున్న రోజుల్లో, బాలానగర్‌లో ఒక చోట పనికి వెళ్లి అక్కడి యంత్రం కదిలే తీరు చూశాక దారి దొరికింది. అంటే జవాబు అక్కడ అంతకుముందే ఉంది; అడగవలసిన మనిషి అడగవలసిన చోటికి చేరడానికి ఏళ్లు పట్టింది. ఒక డిజైన్ గది, ఒక అతిథి ఇంజినీరు ఆ దూరాన్ని తగ్గించేవాళ్లు. మల్లేశానికి పెద్ద కంపెనీ అండ లేదు. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్, పల్లె సృజన వంటి సంస్థల తోడ్పాటు దొరికింది తరవాతే.

2023 మార్చిలో హైదరాబాద్ రాయదుర్గంలో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన టీ-వర్క్స్ ఈ లోటు తీర్చడానికే. ఆలోచన ఉన్నవాళ్లు నమూనా తయారుచేసుకోవడానికి మిషన్లు, వాటిని నడిపే మనుషులు అక్కడ ఒకే కప్పు కింద ఉంటారు.

టీకాలు

సిద్దిపేట జిల్లా దక్షిణాన కర్కపట్లలో బయోటెక్ పార్కు ఉంది. పక్కనే శామీర్‌పేట వైపు 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీ. ఈ పరిశ్రమలో సరఫరాదారు ఇచ్చే చిటికెడు పదార్థం వస్తువు తీరునే మార్చేస్తుంది. భారత్ బయోటెక్ కంపెనీ కొవిడ్ టీకా కొవాగ్జిన్ తీసుకుంటే, వైరస్ నమూనా ఇచ్చింది పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ. టీకా ప్రభావాన్ని పెంచే సహాయక పదార్థం అమెరికాలో కాన్సస్‌లోని విరోవాక్స్ నుంచి వచ్చింది. ఆ అణువును పెద్ద ఎత్తున తయారుచేసే రసాయన మార్గాన్ని హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థ సమకూర్చింది. 2021 జనవరి 3న అత్యవసర అనుమతి వచ్చింది. బయోలాజికల్-ఇ కంపెనీ కోర్బెవాక్స్ కూడా ఇలాంటిదే: ప్రొటీన్ పరిజ్ఞానం టెక్సస్‌లోని బేలర్ వైద్య కళాశాల, పిల్లల ఆసుపత్రి నుంచి, సహాయక పదార్థం డైనావాక్స్ నుంచి. 2021 డిసెంబరు 28న అనుమతి. ఇలాంటి ముఖ్యమైన భాగం మారితే చాలా పరీక్షలు మళ్లీ చేయాల్సి వస్తుంది. అందుకే మందుల రంగంలో సరఫరాదారుతో సంబంధం పెళ్లిలాంటిది; రేటు తక్కువని మధ్యలో ఇంకొకరిని తెచ్చుకోవడం కుదరదు.

ఎక్కడ చెడుతుంది

అతిగా అప్పగిస్తే ఏమవుతుందో బోయింగ్ 787 చూపింది. రెక్కలతో సహా విమానంలో పెద్ద భాగాల డిజైన్, తయారీ, కొంత పెట్టుబడి కూడా ప్రపంచమంతటా సరఫరాదారులకు ఇచ్చేశారు. 2007 జులై 8న అట్టహాసంగా విమానాన్ని బయటికి తెచ్చినప్పుడు అందులో తాత్కాలిక బోల్టులున్నాయి, అసలువి దొరకలేదు. మొదటి విమానం కొన్నవాళ్లకు చేరింది 2011 సెప్టెంబరులో, అనుకున్నదానికి మూడేళ్లకు పైగా ఆలస్యంగా. ఒక సరఫరాదారు కర్మాగారాన్ని బోయింగ్ తానే కొనుక్కోవలసి వచ్చింది. లోపలి సంగతి వదిలేయవచ్చు గానీ, అతుకు దగ్గర చూపు వదిలేయకూడదని దీన్నుంచి పరిశ్రమ నేర్చుకుంది.

మన చిన్న పరిశ్రమల్లో గొడవ ఇంత ఘనమైనది కాదు. మొదటిది డబ్బు. నమూనా పాసయ్యాక ఆర్డరు వేరేవాళ్లకు పోవడం, డై ఖర్చు ఎవరిదో ముందు రాసుకోకపోవడం, బిల్లు నెలల తరబడి నానడం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెల నెలా చక్రవడ్డీ. 2023లో ఆదాయపు పన్ను చట్టాన్ని మార్చి, గడువులోపు చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేకుండా చేశారు. చట్టం పదునైనదే, కానీ రేపటి ఆర్డరు మీద ఆశ ఉన్నవాళ్లు నేటి బిల్లు కోసం ఫిర్యాదుకు వెళ్లరు.

రెండోది సొంతదారు ఎవరన్నది. ఇద్దరూ కలిసి ఆలోచించినప్పుడు డిజైన్ ఎవరిది? పేటెంటు, రహస్యాల ఒప్పందం, డై మీద హక్కు వంటివి పని మొదలు కాకముందే రాసుకోవాలి. ముందు రాసుకుంటే ఒక కాగితంతో పోయేది, తరవాతైతే కోర్టుదాకా పోతుంది.

చేనేతలో ఈ చిక్కు మరీ సున్నితం. భౌగోళిక గుర్తింపు ‘సిద్దిపేట గొల్లభామ’ అన్న పేరును ఆ ప్రాంతపు నేతగాళ్లందరికీ ఉమ్మడిగా కాపాడుతుంది. కొత్తగా వేసిన ఒక గ్రాఫును మాత్రం అది కాపాడదు. దానికి 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు కావాలి. హక్కు పదేళ్లు, తరవాత మరో అయిదేళ్లు పొడిగించుకోవచ్చు. షరతు ఏమంటే డిజైన్ అప్పటికి బయటపడి ఉండకూడదు. కొత్త చీరను ముందు దుకాణానికి పంపి, బాగా అమ్ముడైతే అప్పుడు నమోదు చేద్దామనుకుంటే సాధారణంగా ఆ హక్కు పోతుంది. మగ్గం మీద ఇన్నాళ్లూ జరుగుతున్నది అదే వరస: చీర దుకాణానికి పోతుంది, అక్కడ ఫోన్‌లో ఫొటో తీస్తారు, నెల తిరగకుండా అదే బొమ్మ పవర్‌లూమ్ గుడ్డ మీద అచ్చై అంగడికి వస్తుంది. ఆ అచ్చు చీరలో గొల్లభామ ఎత్తు వెడల్పులు తప్పవు, ఎందుకంటే అక్కడ నూలు నంబరుతో పనిలేదు. రెండు చీరలనూ తిరగేస్తే తెలిసిపోతుంది: అచ్చు వేసినదాని వెనక వెలిసిన మరక, నేసినదాని వెనక ఒక్కో రంగు పోగు ఎక్కడ మొదలై ఎక్కడ మళ్లిందో కనిపించే దారం.